వంశచరిత్ర రచనలో డి.ఎన్.ఏ. ఆధారం: విమర్శనాత్మక పరిశీలన

వంశవృక్షంలో పేరు తెలియని పూర్వికుడు ఎవరో డి.ఎన్.ఏ. పరీక్షతో తేలిపోతుందని చాలామంది నమ్ముతున్నారు. ఈ నమ్మకం ఎంతవరకు సమంజసమో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలిద్దాం.

పరీక్ష చెప్పేది

తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై-క్రోమోజోమ్ పితృపరంపరను, తల్లి నుంచి బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. మాతృపరంపరను సూచిస్తాయి. మిగిలిన క్రోమోజోములలో ఇద్దరికి ఉమ్మడిగా ఉన్న భాగాన్ని కొలిచి బంధుత్వాన్ని అంచనా వేస్తారు. అన్నదమ్ముల పిల్లల మధ్య ఇది సగటున 12.5 శాతం, ఆ తరువాతి తరం పిల్లల మధ్య సుమారు 3 శాతం. అంటే పరీక్ష ఇచ్చేది కొలత మాత్రమే, పూర్వికుని పేరు కాదు.

మేనరికం

ఈ కొలతను కూడా మన సమాజంలో యథాతథంగా తీసుకోలేము. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే వారి బిడ్డకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మందికి బదులు ఆరుగురే ఉంటారు. ఒకే పూర్వికుని అంశ రెండు దారులలో చేరుతుంది కాబట్టి దూరపు బంధువు దగ్గరివాడుగా కనిపిస్తాడు. కులంలోపలి వివాహాలు దీనిని మరింత పెంచుతాయి. భారతీయ సమూహాలలో అనేకం చాలా తరాలుగా తమలో తామే వివాహాలు చేసుకున్నాయని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009 నాటి పరిశోధన చూపింది.

ఇంటిపేరు, రక్తసంబంధం

మాధవరంలో ఒకే ఇంటిపేరు గల రెండు కుటుంబాల మగవారి వై-క్రోమోజోములు కలవలేదని అనుకుందాం. వెంటనే వంశంపై మచ్చ వేయడం తొందరపాటు. మధ్యలో దత్తత జరిగి ఉండవచ్చు. ఇల్లరికపు అల్లుని సంతానం మామగారి ఇంటిపేరుతో కొనసాగి ఉండవచ్చు. మూడవది బసివి ఆచారం. కొడుకులు లేని తండ్రి కుమార్తెను దేవునికి అర్పిస్తే, ఆమె కొడుకు వలె ఆస్తికి హక్కుదారు అయ్యేది; ఆమె పిల్లలు తాతగారి ఇంటివారుగానే పెరిగేవారు. స్త్రీలను దోపిడీకి గురిచేసిన ఈ అర్పణను ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి చట్టం నిషేధించింది. కాని ఆ పిల్లల వంశం అబద్ధం కాదు. దానిని నిర్ణయించినది ఆచారం, వై-క్రోమోజోమ్ కాదు.

రికార్డులతో సరిపోల్చడం

కాబట్టి పరీక్షకు ముందే పెద్దల మాటలను, దస్తావేజులను సేకరించాలి. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. పాత పత్రాలలో ఆ జిల్లా పేరే కనిపిస్తుంది. మాధవరం పేరుతో ఊళ్లు చాలా ఉన్నందున తాలూకా పేరును కూడా సరిచూడాలి.

ముగింపు

పత్రాలు, పెద్దల మాటలు సూచించిన బంధుత్వాన్ని పరీక్షించడానికి డి.ఎన్.ఏ. ఉపయోగపడుతుంది. వాటి స్థానాన్ని అది తీసుకోలేదు. ఒకరి నమూనా ఆ ఇంటివారందరి రహస్యాలను బయటపెట్టగలదు. అందువల్ల వారి సమ్మతి తీసుకోవడం పరిశోధకుని బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఇంటిపేరు ఒకటైనా వై-క్రోమోజోములు కలవకపోవడానికి గల సామాజిక కారణాలను వివరించండి.