భూతనాథుని భయము

దేవకీనందన ఖత్రీ నవలలను గూర్చి హిందీ విమర్శలో ఒక తీర్పు చాలకాలముగా నిలిచియున్నది. 1929లో వెలువడిన తన హిందీ సాహిత్య చరిత్రలో ఆచార్య రామచంద్ర శుక్లా ఖత్రీని గూర్చి రెండు మాటలు చెప్పినాడు. ఇతడు సృష్టించినంతమంది పాఠకులను హిందీలో మరి యే రచయితయు సృష్టింపలేదన్నది మొదటిది. ఆ నవలలలో సంఘటనల వైచిత్ర్యమే గాని రసపోషణము గాని పాత్రచిత్రణము గాని లేవు గనుక అవి సాహిత్యకోటిలో చేరవన్నది రెండవది. మొదటి మాటను కాదనువారు లేరు. 1888లో వచ్చిన ‘చంద్రకాంత’ను చదువుటకై హిందీ నేర్చుకొన్నవారి ముచ్చట నేటికిని చెప్పుకొందురు. చిక్కెల్ల రెండవ మాటతోనే. ఆ తీర్పు ఖత్రీ యొక్కనితో ఆగలేదు. అద్భుతకథ యనగానే అందులో మనుష్యుడు లేడని పక్కకు నెట్టివేయు అలవాటు మనకును ఉన్నది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కళాపూర్ణోదయము’ను పట్టుకొని పాత్రలను, కథాసంవిధానమును తరచి చూచినాడు గాని, ఆ చూపు మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీల వరకు సాగలేదు.

శుక్లా తీర్పు ‘చంద్రకాంత’ మట్టుకు చాలవరకు న్యాయమే. నౌగఢ్ రాజకుమారుడు వీరేంద్రసింహుడు విజయగఢ్ రాజపుత్రిక చంద్రకాంతను ప్రేమించును. మంత్రి కొడుకు క్రూరసింహుడు అడ్డుపడును. గుణమును పేరులోనే చెప్పివేసిన తరువాత ఇక చిత్రింపవలసినదేమి? (1994లో ఈ కథ దూరదర్శన్‌లో ధారావాహికగా వచ్చినప్పుడు జనము మరువలేనివాడు క్రూరసింహుడే యగుట వేరొక విశేషము.) అయినను అక్కడనే, నాయకుని పక్కన, ఒక వింత వృత్తివాడు నిలిచియున్నాడు. అతడు ఐయారు.

ఈ పదమునకు తెలుగు దొరకదు. గూఢచారి యన్నచో వేగు పని మాత్రమే మిగులును. మాంత్రికుడనుటకు వీలులేదు, ఖత్రీ ఐయారుకు మంత్రము లేదు, చేతినేర్పు మాత్రమే ఉన్నది. మాయలఫకీరు అంటిమా, బాలనాగమ్మ కథ విన్నవాడెవడైనను కథ మొదలు కాకముందే తీర్పు చెప్పివేయును. అరబ్బీలో ఆ మాటకు దేశదిమ్మరి యని అర్థము. పూర్వము ఇస్లాము దేశముల నగరములలో దోపిడికాండ్రును, దీనులకు అండయైన సాహసులును ఒకే పేరున చెలామణి అయినారు. మాటకే రెండు ముఖములు గలవు. అనువాదకుడు దానిని కదపక ఉంచుటయే మేలు.

ఐయారు సంచిలో మత్తుపొడి ఉండును. మత్తు విడిపించు లఖలఖా ఉండును. వేషము మార్చు సామగ్రి యుండును. శత్రువును మూర్ఛ పుచ్చి, మూటగట్టి, భుజాన వేసికొనిపోయి, వాని రూపమున తాను వచ్చి కూర్చుండును. తేజసింహుడు ఈ పని వీరేంద్రుని కొరకు చేయును. నాజిమ్, అహ్మద్ ఇదే పని క్రూరసింహుని కొరకు చేయుదురు. యజమానిలో తప్ప పనిలో భేదము లేదు. వీరి చాతుర్యము వలన రక్తము చిందకయే యుద్ధములు ముగిసెడివని ఖత్రీ ముందుమాటలో సమర్థించినాడు. వినుటకు బాగుగనే యున్నది. కాని మోసపోయినవాని వైపునుండి చూచినచో ఈ సమర్థన ఎంతవరకు నిలుచునో ‘చంద్రకాంత’ అడుగదు.

ఈ వృత్తికి మూలపురుషుడు అమీర్ హంజా కథలలోని అమర్ ఐయారు. లక్నోలో నవల్ కిషోర్ ముద్రాలయము 1883 నుండి ప్రకటించిన ఉర్దూ ‘తిలిస్మె హోష్‌రుబా’లో అతని విశ్వరూపము చూడవచ్చును. అమర్ పరమలోభి. జంబీల్ అను అతని సంచి ఎంత వేసినను నిండదు. అతడు వేయుట మానడు. స్పృహ తప్పిన మాంత్రికుని గొంతు కోయుటకు వెనుదీయడు. శ్రోత నవ్వును, ఆ నవ్వులో హత్య కొట్టుకొనిపోవును. మరునాడు కథ మొదలగునప్పటికి అమర్ మరల నిన్నటి అమరే. చేసిన పని అతని వెంట రాదు.

భూతనాథుని వెంట వచ్చును. శుక్లా తీర్పుకు సమాధానమక్కడ ఉన్నది. ఇరువదినాలుగు భాగముల ‘చంద్రకాంతా సంతతి’లో ఇతడు కమలిని యండన చేరి నాయకపక్షమునకు మేలు చేయుచుండును. ధైర్యశాలి, కార్యశూరుడు. కాని పాత ఉత్తరముల కట్ట ఒకటి కంటబడగానే ముఖము పాలిపోవును. గదాధరసింహుడను పూర్వనామముతో రణధీరసింహుని కొలువులో నుండిన కాలమేదో అతనిని వెన్నాడుచున్నది. బలభద్రసింహునికిని అతని కుమార్తె లక్ష్మీదేవికిని జరిగిన ద్రోహములో ఇతనికి పాలున్నదని ఆ ఉత్తరములు పలుకును. కమలిని యెవరు? ఆ బలభద్రసింహుని కూతురే. తనకు నీడనిచ్చిన స్త్రీ యెదుట, ఆమె తండ్రికి చేసిన అపకారమునకు సంజాయిషీ చెప్పుకొనవలసిన స్థితి! ఇంతకంటె పాత్రచిత్రణకు సందర్భమేమి కావలయును?

‘కళాపూర్ణోదయము’లోను ఒకరి రూపము నొకరు ధరించుట కలదు. రంభ కొరకు మణికంధరుడు నలకూబరుడగును; నలకూబరుని కొరకు కలభాషిణి రంభ యగును. సూరన ఈ చిక్కును ఎంత సూక్ష్మముగా అల్లినను, లెక్క తేలుట మరుజన్మలో. భూతనాథునికి మరుజన్మ లేదు. అతని లెక్క కాగితముల మీద, చేవ్రాతలో, రాజు సమక్షమున విచారణలో తేలవలెను. ఇది ఇంగ్లీషువారి కచేరీలు, దస్తావేజులు ఎరిగిన కాలపు భయము. మాయాద్వారములు, గుప్తమార్గములు గల తిలిస్మీ కోటలోనికి ఖత్రీ దానిని తెచ్చినాడు.

అయినను ఖత్రీ తాను తవ్విన నూతిలోనికి చివరి వరకు దిగలేకపోయినాడు. విచారణ భాగము తరువాత భాగముగా వాయిదా పడును. ఈలోగా ఒక బలభద్రసింహుడు నకిలీవాడని బయటపడును, ఉత్తరముల చేవ్రాతకు వేరు కారణము దొరకును, దోషములో పెద్ద వాటా ఇతరుల మీదికి జరుగును, క్షమాభిక్ష లభించును. పాఠకునికి ఊరట కలుగును గాని, అంతవరకు పడిన ఆందోళన కొంత వృథా అయినట్లును తోచును.

ఆ లోపము రచయితకును తెలిసియుండవచ్చును. భూతనాథుని జీవనిగా మరల ఒక నవల ఎత్తుకొని, 1913లో మరణించునాటికి తొలి భాగములు మాత్రమే వ్రాయగలిగినాడు. మిగిలినది కుమారుడు దుర్గాప్రసాద ఖత్రీ పూరించినాడు. ఇందులో ఊరట తక్కువ. భూతనాథుని చేతిలో దయారాముడు పడిపోయినాడు. ఆనవాలు పట్టలేక జరిగిన పొరపాటని అతడనును. దయారాముని భార్యలు జమున, సరస్వతి నమ్మరు. పగ తీర్చుకొన నిశ్చయింతురు. సంగతి లోకమునకు తెలిసినచో తన కీర్తి మంటగలియునని భూతనాథుడు వణకును. ఆ వణకుతోనే, తాను విధవలను చేసిన ఆ ఇద్దరు స్త్రీలను సైతము తుదముట్టించుటకు దారులు వెదకుచు అడవులలో తిరుగును.