స్మృతి నుంచి ఆవాహన దాకా: ‘కొంపెల్ల జనార్దనరావు కోసం’ – ఒక పరిశీలన

అకాలమరణం చెందిన మిత్రుణ్ణి కవితలో స్మరించడం సులభమైన పని కాదు. తల్లిదండ్రులకు, భార్యకు, సంతానానికి శోకించే హక్కును లోకం సహజంగా ఒప్పుకుంటుంది. మిత్రుని శోకానికి అటువంటి గుర్తింపు లేదు. అతడు అంత్యక్రియల్లో ఒక పక్కన నిలబడేవాడు మాత్రమే. మరో చిక్కు కూడా ఉంది. పండు వయస్సులో పోయినవారిని వారు చేసిన పనులతో కీర్తించవచ్చు; యౌవనంలో పోయినవాడు విడిచి వెళ్లేది ఎక్కువగా చేయదలచిన పనులనే. జరగనిదాన్ని స్తుతించడం ఎట్లా? ‘మహాప్రస్థానం’ సంపుటికి అంకితంగా శ్రీశ్రీ రాసిన ‘కొంపెల్ల జనార్దనరావు కోసం’ ఈ రెండు చిక్కులను ఏ విధంగా ఎదుర్కొన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాధారణంగా దీన్ని కావ్యద్వారం వద్ద కనిపించే అంకితగీతంగా చదివి ముందుకు సాగిపోతాం. కాని సంపుటి నామానికి పూర్ణార్థం సిద్ధించేది ఈ గీతంలోనేనని ఇక్కడి ప్రతిపాదన.

కొంపెల్ల జనార్దనరావు రచయిత, ‘ఉదయిని’ పత్రికా సంపాదకుడు, శ్రీశ్రీకి యౌవనమిత్రుడు. 1937లో మరణించాడు. ‘మహాప్రస్థానం’ పుస్తకరూపంలో వెలువడినది 1950లో. ఆ సంపుటికి చలం ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. అంటే ఈ గ్రంథానికి ఇద్దరు ద్వారపాలకులు: పాఠకునికి దారి చూపే జీవించి ఉన్న రచయిత ఒకరు, కృతిని అందుకునే మరణించిన మిత్రుడు మరొకరు.

తెలుగు కావ్యసంప్రదాయంలో కృతిపతి రాజో, దండనాథుడో, దైవమో. అవతారికలో షష్ఠ్యంతాలు అతని వంశాన్ని, విజయాలను, వితరణను వర్ణిస్తాయి. ‘కున్’ అనే షష్ఠీవిభక్తి ప్రత్యయంతో ముగిసే ఆ విశేషణాలన్నీ కృతిపతికి ఉన్నవాటి జాబితాలే. జనార్దనరావుకు చెప్పుకోదగిన సంపద లేదు. కృతికి ప్రతిఫలం ఇచ్చే స్థితి అసలే లేదు. శ్రీశ్రీ శీర్షికలో ప్రయోగించిన ‘కోసం’ అనే మాట షష్ఠి పరిధిలోనిది కాదు. బాలవ్యాకరణం చతుర్థికి చెప్పిన ‘కొఱకున్’ అర్థాన్నే అది వ్యవహారంలో నిర్వహిస్తుంది. ఉన్న వైభవాన్ని వర్ణించే విభక్తి పోయి, ఒకరి నిమిత్తం చేసే పనిని సూచించే విభక్తి వచ్చింది. యాదృచ్ఛికమైనా సరే, ఈ మార్పు అంకితం స్వభావం ఎంతగా మారిందో చూపుతుంది. కృతి ఇక్కడ కానుక కాదు, మిత్రుని పక్షాన నెరవేర్చవలసిన బాధ్యత.

గీతం మొదటినుంచి చివరిదాకా సంబోధనే. మరణించినవాణ్ణి గూర్చి ఇతరులతో చెప్పడం కాక, నేరుగా అతనితోనే మాట్లాడడం, ‘నేస్తం’ అని పిలవడం, వెళ్లిపోయినందుకు మందలించడం ఇందులోని పద్ధతి. మన పల్లెల్లో స్త్రీలు శోకాలు పెట్టి ఏడ్చేటప్పుడు పోయినవారిని పేరు పెట్టి పిలిచి, తమను విడిచి వెళ్లినందుకు నిలదీస్తారు. పండిత కావ్యాల విలాపఘట్టాల కన్న ఈ మౌఖిక శోకరీతికే గీతం చేరువగా ఉంది. మిత్రునికి ఆచారం ఇవ్వని అధికారాన్ని కవి ఈ సంబోధన ద్వారా సంపాదించుకున్నాడు.

రసదృష్టితో చూస్తే గీతం నడక మరింత స్పష్టమవుతుంది. తలవంచి నిష్క్రమించిన సుకుమారుని రూపంతో కరుణ ఆరంభమవుతుంది. ఆదరించని లోకం, చేయూతనివ్వని మనుషులు ఆ మరణానికి కారణాలుగా కనిపించడంతో శోకంలో క్రోధం చేరుతుంది. ఒకరిద్దరు తప్ప ఎవరూ దుఃఖించలేదనీ, ఎవరి తొందరలో వారు సాగిపోతున్నారనీ గుర్తించినప్పుడు ఆ క్రోధం పరాకాష్ఠకు చేరి, వదిలిపెట్టిన పోరాటాన్ని అందుకొనే ఉత్సాహంగా పరిణమిస్తుంది. రౌద్రం నుంచి కరుణ జనిస్తుందని నాట్యశాస్త్రం చెప్పింది. ఇక్కడ ఆ క్రమం తలకిందులైంది: కరుణ నుంచి రౌద్రం, రౌద్రం నుంచి వీరం. శోకం తీరి ఉత్సాహం రాలేదన్నది గమనించదగినది. శోకాన్ని వెంటబెట్టుకొనే వచ్చింది.

గీతంలోని చివరి మాట సంపుటి పేరే. ‘మహాప్రస్థానం’ అనే గేయం 1934 నాటిది. జనార్దనరావు అప్పటికి జీవించే ఉన్నాడు. అక్కడ ఆ పదం కొత్త లోకం వైపు సాగే సామూహిక పదయాత్ర. దాని పురాణార్థం వేరు. భారతంలో మహాప్రస్థానం పాండవుల మరణయాత్ర. తెనుగున తిక్కన దాన్ని అందించాడు. ద్రౌపది మొదలుకొని భీముని దాకా ఒక్కొక్కరే పడిపోతుంటే ధర్మరాజు వెనుదిరగకుండా సాగిపోతాడు. పడినవారిలో ఒక్కొక్కరి దోషాన్ని కారణంగా చెబుతాడు. 1937 తరువాత ఒక మిత్రుని మృతిని స్మరించే గీతం చివర ఈ మాట నిలిచినప్పుడు, అణగి ఉన్న ఆ అర్థం మేల్కొంటుంది. దారిలో పడిపోయినవాడు ఇక్కడ జనార్దనరావు, నడుస్తున్నవాడు కవి. కాని శ్రీశ్రీ ధర్మరాజు చేయని రెండు పనులు చేశాడు. పడినవానిలో దోషం వెతకలేదు, దోషాన్ని లోకానికి అంటగట్టాడు. వెనుదిరగకుండా సాగిపోలేదు, ఆగి చెయ్యి చాచాడు. పోయినవాని యాత్ర, ఉన్నవారి యాత్ర ఒకే పదంలో కలిసింది.

ఆ చెయ్యి చాచడం ఆవాహనంగా రూపుదిద్దుకోవడం ఈ గీతంలోని విశేషం. పూజలోనైనా పితృకార్యంలోనైనా ఆవాహన చేసినవారిని చివరకు సాగనంపే ఉద్వాసన కూడా ఉంటుంది. ఇక్కడ ఉద్వాసన లేదు. మిత్రుడు తనలో ఆవేశించాలని కోరి కవి గీతాన్ని ముగించాడు. దీనివల్ల మొదట ప్రస్తావించిన రెండో చిక్కు కూడా విడింది. జరగనిదాన్ని స్తుతించనక్కరలేదు, జరిపించే భారాన్ని తాను తీసుకుంటే చాలు.

ఒక ఆక్షేపణకు ఇక్కడ తావుంది. మిత్రుడు కవిలో లీనమైతే మిత్రునిగా మిగిలేదెంత? గీతం ముగిసేసరికి యాత్ర కవిదైంది. జనార్దనరావు ఆ యాత్రకు ప్రేరకుడయ్యాడు. అతని రచనల స్వరూపమేమిటో, సంపాదకునిగా అతని అభిరుచి ఏమిటో గీతం చెప్పదు. ఈ ఆక్షేపణ సమంజసమే. అయితే గీతం తనకు తానే ఒక అడ్డుగీత గీసుకున్నది: అతని పేరు శీర్షికలో ఉంది. ‘ఒక మిత్రుని కోసం’ అని ఉంటే అతడు పూర్తిగా ప్రతీకగా కరిగిపోయేవాడు. ఇంటిపేరుతో సహా నిలిచిన ఆ నామం, ఇతడొక నిర్దిష్టవ్యక్తి, ఇతనికొక చరిత్ర ఉన్నది అని ప్రతి ముద్రణలోనూ గుర్తుచేస్తూనే ఉంది.

ఆ పేరు వెనుక ఉన్న మనిషిని చేరుకోవడం గీతం పని కాదు, పరిశోధకుల పని. జనార్దనరావు రచనలను, ‘ఉదయిని’ సంచికలను శ్రీశ్రీ అధ్యయనానికి అనుబంధంగా కాక, స్వతంత్ర పాఠ్యాలుగా చదవవలసి ఉంది. నడుమ ఆగిన పనిని బతికున్నవారు అందుకోక తప్పదన్నది గీతం చేసిన ప్రతిపాదన. అది కవులకు ఎంత వర్తిస్తుందో సాహిత్యచరిత్రకారులకూ అంతే వర్తిస్తుంది.