నాలుగు పైపులు ఎక్కడ కలవాలి

బైక్ ఇంజిన్‌తో కిట్ కారు కట్టేవాళ్ల మధ్య ఎగ్జాస్ట్ మాట వస్తే చాలు, రెండు జట్లు తేలతాయి. నాలుగు పైపులూ ఒక్కచోటే కలవాలనేవాళ్లు ఒకవైపు. ముందు రెండేసి కలిసి, ఆ రెండూ తర్వాత ఒకటి కావాలనేవాళ్లు మరోవైపు. మొదటిది ఫోర్-వన్, రెండోది ఫోర్-టు-వన్. ఇంగ్లండులో మా షెడ్డులో ఈ చలికాలమంతా నలిగిన సంగతి ఇదే. నేను రెండో జట్టు మనిషిని.

మా కారు లోటస్ సెవెన్ కోవలోది. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన ఆ చిన్న రెండు సీట్ల కారు పోలికలతో బ్రిటన్‌లో ఇప్పటికీ ఇళ్ల గ్యారేజీల్లో కార్లు తయారవుతూనే ఉన్నాయి. ఇంజిన్ యమహా ఆర్1, 1998లో వచ్చిన మొదటి తరానిది: 998 సీసీ, 150 హార్స్‌పవర్. బైకులో అది లాగేది మనిషితో కలిపి మూడు వందల కిలోలలోపే. ఇక్కడ బండి ఒక్కటే దాదాపు ఐదు వందలు, ఆపైన ఇద్దరు మనుషులు. నా వాదనంతా ఈ బరువు మీదే నిలబడింది.

ఆర్1 చైన్ స్ప్రాకెట్ ఎడమవైపు ఉంటుంది. ఆ వైపు కారు వెనక్కి వచ్చేలా ఇంజిన్‌ను తిప్పి కూర్చోబెడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ నేరుగా తగిలించుకోవచ్చు. అప్పుడు బైకులో ముందుకు చూసే ఎగ్జాస్ట్ పోర్టులు కారుకు ఎడమ పక్కకు తిరుగుతాయి. మనకులాగే ఇంగ్లండులోనూ స్టీరింగ్ కుడివైపే కాబట్టి స్టీరింగ్ రాడ్డు అడ్డం రాదు. పక్క సీటు మనిషి కాళ్లకు మాత్రం వేడి తగలకుండా రేకు కట్టాలి. బైకుతో వచ్చిన పైపులు ఇంజిన్ కిందనుంచి పోయేవి, ఇక్కడ పనికిరావు. కొత్తవి కట్టుకోవాల్సిందే.

ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే పొగతో పాటు ఒక ఒత్తిడి అల పైపు వెంట పరుగెత్తుతుంది. పైపు విశాలమైన చోటికి తెరుచుకున్న దగ్గర అది వెనక్కి మళ్లుతుంది. మళ్లేటప్పుడు ఒత్తిడి కాస్తా పీల్పుగా మారుతుంది. సరిగ్గా ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే వేళకు ఆ పీల్పు అందితే, మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి చోటిస్తుంది. ఆ వేళను తేల్చేది పైపు పొడవు. అర మీటరు పైపులో అల వెళ్లి రావాలంటే ఒక మీటరు ప్రయాణం. వేడి వాయువులో సెకనుకు సుమారు 550 మీటర్ల వేగం అనుకుంటే, రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. 10,000 ఆర్‌పీఎంలో అంతలోనే క్రాంక్ దాదాపు 110 డిగ్రీలు తిరుగుతుంది, 5,000లో 55 మాత్రమే. అందుకే ఒక పొడవు ఒక వేగానికే నప్పుతుంది.

ఫోర్-వన్‌లో ఆ మళ్లింపు ఒక్కచోటే, బలంగా జరుగుతుంది. పొడవు కుదిరిన వేగంలో ఇంజిన్ విజృంభిస్తుంది, ఆ పక్కన చప్పబడుతుంది. ఫోర్-టు-వన్‌లో రెండు కలయికలు, రెండు మళ్లింపులు. ఒక్కొక్కటి కొంత బలహీనమే, కానీ లాభం ఎక్కువ మేర పరుచుకుంటుంది. ట్రాక్ మీద గేర్లు మారుస్తూ ఎప్పుడూ తొమ్మిది వేలకు పైనే ఉండేవాడికి ఫోర్-వన్ సరైనదే. ఊరి రోడ్డు మీద మలుపు తిరిగి నాలుగైదు వేల దగ్గర కాలు నొక్కేవాడికి, ఇంత బరువు కదిలించాల్సినవాడికి కాదు. ఇంజిన్ శక్తిని కొలిచే డైనో ఇచ్చే కాగితం మీద అతి పెద్ద అంకె చూసి పైపులు ఎంచుకోవడం నాకు మింగుడుపడదు.

జతలు కలపడంలోనూ లెక్క ఉంది. ఈ ఇంజిన్‌లో 1-2-4-3 వరుసలో, 180 డిగ్రీలకొకటి మండుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు అంతకంటే ఎక్కువసేపే తెరిచి ఉంటుంది కాబట్టి వెంటవెంట మండే రెంటిని జతచేస్తే ఒకదాని ఊపు రెండోదాన్ని చెడగొడుతుంది. 1ని 4తో, 2ని 3తో కలిపితే మధ్య 360 డిగ్రీల ఎడం. 2009 నుంచి వచ్చిన క్రాస్‌ప్లేన్ ఆర్1లో ఎడాలు 270, 180, 90, 180. అక్కడ ఈ సూత్రం కళ్లు మూసుకుని వాడకూడదు.

చెప్పినంత తేలిక కాదు కట్టడం. ఇంజిన్ తిరిగి కూర్చుంది కాబట్టి 1వ సిలిండరు డ్యాష్‌బోర్డు దగ్గర, 4వది రేడియేటర్ దగ్గర ఉంటాయి. పొగ పోవాల్సింది వెనక్కి. అంటే అన్నిటికంటే దగ్గరదీ అన్నిటికంటే దూరందీ సమాన పొడవుతో వచ్చి కలవాలి. అందుకని ఒకటో పైపు ముందు కొంత ఎదురు నడిచి, కిందికి దిగి, అప్పుడు వెనక్కి మళ్లుతుంది. నాలుగోది 2, 3 పైపుల కిందనుంచి సాగుతుంది. దారి చూసుకోవడానికి ముందు బైండింగ్ వైరు వంచి పోర్టునుంచి కలయిక దాకా పెట్టి చూస్తాం. కుదిరాక సాపు చేసి టేపుతో కొలుస్తాం. ఆ తర్వాతే 38 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బెండ్లు కోసి, అక్కడక్కడా టాక్ పెట్టి, మళ్లీ ఫ్రేములో దింపి చూడాలి. బానెట్ మూసుకోవాలి, ఫ్రేము గొట్టానికి తగలకూడదు, ప్లగ్గులు విప్పుకోవడానికి చెయ్యి దూరాలి. పూర్తి టిగ్ వెల్డింగ్‌కి ముందు పైపు లోపల ఆర్గాన్ నింపుతాం. లేకపోతే బయట నున్నగా కనిపించే అతుకే లోపల నల్లగా గరుకు కట్టి పొగకు అడ్డం పడుతుంది.

శబ్దం సంగతికొస్తే, ఇలా కట్టిన కారు రోడ్డెక్కే ముందు నెగ్గాల్సిన ఐవీఏ పరీక్షలో 99 డెసిబెల్స్ దాటకూడదు. ఏ జట్టువారికైనా పెద్ద సైలెన్సర్ తప్పదు.

కలయికల దగ్గర వెల్డింగ్ చేయకుండా స్లిప్ జాయింట్లు పెట్టి స్ప్రింగులతో బిగించాం. ఇంజిన్ ఊగినా పైపు పగలదు, విప్పడమూ సులువు. రెండో దశ పైపుల పొడవు ఇంకా తేలలేదు. పొట్టివి ఒక జత, పొడుగువి ఒక జత కట్టి ఉంచాం. రోలింగ్ రోడ్ డైనో ఎక్కించి 4,000 నుంచి 8,000 వరకు టార్క్ గీత చూస్తాం. అక్కడ ఏది నిండుగా ఉంటే అదే బండికి ఉంటుంది. ఆ పైన రెండోది పది హార్స్‌పవర్ ఎక్కువ చూపించినా సరే.