పైలోకపు కోర్టుకు రాని భూస్వామి

దేవుడి మీద, ఫాదర్ల మీద నవ్వే నాటకం అనగానే మనలో కొందరికి భయం, కొందరికి హుషారు. మేము అడిగేది వేరు. ఆ నవ్వు ఎవరిని తాకింది, ఎవరిని తాకకుండా వదిలేసింది? బ్రెజిల్ రచయిత అరియానో సువాసునా 1955లో రాసిన ‘ఔతో ద కొంపదెసీద’ను ఈ ప్రశ్నతోనే చదివాం. ‘దయామయి నాటకం’ అని దాని అర్థం.

కథ ఈశాన్య బ్రెజిల్ కరువు సీమలోని టపెరోవా అనే చిన్న ఊళ్లో జరుగుతుంది. జువావ్ గ్రిలో రొట్టెల దుకాణంలో పనివాడు. ఆస్తి లేదు, నోరుంది. యజమాని భార్య పెంచే కుక్కకు జబ్బు చేస్తుంది. దీవించమంటే ఫాదరు కుదరదంటాడు. అది అంతోనియో మొరాయిస్ అనే పెద్ద భూస్వామి కుక్క అని జువావ్ అబద్ధమాడగానే ఒప్పుకుంటాడు. కుక్క చచ్చాక, అది చర్చివాళ్లకు డబ్బు రాసి పోయిందని జువావ్ ఇంకో అబద్ధం వేస్తాడు. దాంతో కుక్కకు లాటిన్ ప్రార్థనలతో సమాధి! కోప్పడ్డ బిషప్పు కూడా తన వాటా వినగానే చల్లబడతాడు.

తర్వాత బందిపోట్లు ఊరి మీద పడతారు. చచ్చినవాళ్లంతా పైలోకంలో తీర్పుకు నిలబడతారు. సైతాను నేరాలు మోపుతాడు. తీర్పరి ఏసు నల్లజాతి మనిషిగా వస్తాడు. ఇంత నలుపు అనుకోలేదని జువావే నోరు జారతాడు. పేదవాడి మనసులో కూడా ఏ రంగు దేవుణ్ణి కూర్చోబెట్టారో అక్కడ తెలుస్తుంది. రంగు చూసి మాటలు పడ్డ మన పిల్లలకు ఈ దృశ్యం విడమర్చి చెప్పక్కర్లేదు.

మరియమ్మ వాదించాక బిషప్పు, ఫాదరు నరకం తప్పించుకుని ఉత్తరించు స్థలానికి పోతారు. బందిపోటు సెవెరినో నేరుగా స్వర్గానికి పోతాడు. పోలీసులు అతని కుటుంబాన్ని చంపారు, ఆ దెబ్బకు మతి చెదిరింది, అందుకని. జువావ్‌కు మళ్లీ బతికే వరం దొరుకుతుంది. సువాసునా విశ్వాసి. ఆయన వెక్కిరించింది దేవుణ్ణి కాదు, దేవుడి పేరుతో బేరమాడేవాళ్లను. ఇంతవరకు మాకు నచ్చింది.

అయితే ఎవరి పేరు వింటే ఫాదరు మాట మార్చాడో, ఆ భూస్వామి కోర్టుకు రాలేదు. అతను చావలేదు కాబట్టి అతని లెక్క ఎవరూ అడగలేదు. జువావ్ తిరిగి వచ్చేది ఆ భూస్వామి ఊరికే. సువాసునా తండ్రి పరాయిబా రాష్ట్రాన్ని పాలించినవాడు. ఆ ఇంటి నుంచి చూస్తే ఫాదరు ఆశ కనిపించినంత స్పష్టంగా భూమి సంగతి కనిపించలేదేమో. 1/70 చట్టం ఉండి కూడా భూమి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు ఈ లోటు వెంటనే తగులుతుంది.

అయినా ఈ నాటకం నుంచి నేర్చుకోవలసింది ఉంది. కుక్క సమాధి కథ సువాసునా కల్పన కాదు. అక్కడి సంతల్లో తాడుకు వేలాడదీసి, పాడి అమ్మే చిన్న పద్య పుస్తకాల్లోది. జనం కథను అలాగే తెచ్చి 1956లో రెసిఫె నగరంలో రంగస్థలం ఎక్కించారు. మన అవ్వల, తాతల దగ్గర కూడా దేవుళ్లను ఆటపట్టించే కథలున్నాయి. వాటిని అడిగి రాసుకోవాలి.

టీచర్లకు ఒక మాట. ఈ నాటకాన్ని బడిలో వేయిస్తే, తీర్పు దృశ్యంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి. అందులో ఎవరు కూర్చోవాలో పిల్లల్నే చెప్పమనండి. మిగతా నాటకం వాళ్లే రాస్తారు.