దేవుణ్ణి లెక్కలడిగే పాట

భద్రాచలం దగ్గరి పర్ణశాలకు వెళితే సీతవాగు దగ్గర బండల మీది చారలు చూపించి, ఇవి సీతమ్మ చీర ఆరేసుకున్న గుర్తులంటారు. దేవుడు ఇంత ఇంటిమనిషి అయిన చోట ఆయన్ని నిలదీయడం కూడా ఒక విద్యే. దాని పేరు నిందాస్తుతి.

ఆ విద్యకు పరాకాష్ఠ భద్రాచల రామదాసు ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన. పనితనం చూడండి. రాముడి గుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టి గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటున్న ఈ తహసీల్దారు దేవుడి ముందు పద్దు విప్పుతాడు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం. ఒక్కొక్కదానికీ పదేసి వేలు! ఈ సొమ్మంతా తండ్రిగారిదా, మామగారిదా అని రాముణ్ణే గద్దిస్తాడు. అంతలోనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అని కరిగిపోతాడు. ఆ మలుపులోనే ఉంది నేర్పంతా. ప్రేమ ఆలస్యంగా వస్తే అది దూషణ అవుతుంది, ముందే వచ్చేస్తే ఉత్త స్తోత్రం.

చిడతలు పట్టి హరికథ చెప్పే దాసుగారు ఈ కీర్తన ఎత్తుకుంటే, పద్దు దగ్గర నవ్విన జనమే చివరి చరణానికి కళ్లొత్తుకుంటారు.

సినిమాకూ ఈ నేర్పు అబ్బింది. 1977లో వచ్చిన ‘యమగోల’లో ఎన్టీఆర్ వేసిన సత్యం పాత్ర నరకానికి వెళ్లి, యమభటుల చేతే యూనియన్ పెట్టిస్తుంది. డి.వి. నరసరాజు మాటలకు ఘొల్లున నవ్వినవాళ్లు ఇంటికొచ్చి దేవుడికి దీపం పెట్టడం మానలేదు.

ఇక పద్దు మాటకొస్తే, రామదాసు చేయించిన నగలు ఇప్పటికీ భద్రాచలం ఆలయంలోనే ఉన్నాయి. శ్రీరామనవమి కల్యాణం నాడు సీతమ్మకు అలంకరించేది ఆ చింతాకు పతకమే.