దీపం తీశాక పద్దు

రాత్రి దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాటలు ఆపేశాక, రోమన్ తత్వవేత్త సెనెకా ఆ రోజు తానన్నవీ చేసినవీ ఒక్కొక్కటే తిరగేసుకునేవాడట. కోపం గురించి రాసిన గ్రంథం మూడో భాగంలో తనే చెప్పుకున్నాడు. ఆ పద్దులో ఘోరాలేమీ ఉండవు. ఫలానావాణ్ణి మరీ గట్టిగా మందలించాను, వాడు దిద్దుకోకపోగా నొచ్చుకున్నాడు. ఇలాంటివే.

ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో ఈ పేజీల దగ్గర చాలాసేపు ఆగాడు. ఇక్కడున్నది బోనులో ముద్దాయి కాదు, లెక్కలు తనిఖీ చేసుకుంటున్న అధికారి అన్నాడు. జైళ్లూ పిచ్చాసుపత్రులూ మనిషిని ఎలా మలుస్తాయో ఏళ్ల తరబడి చెప్పినాయన, చివరికి మనిషి తనను తాను మలుచుకోవడం వైపు తిరిగాడు. తనమీద తనకు పట్టున్నవాడు ఎదుటివాడిమీద అధికారాన్ని అడ్డంగా వాడడనీ, తన కోరికలకు బానిసైనవాడే నియంత అవుతాడనీ గ్రీకుల ఆలోచనను 1984 జనవరిలో ఒక ఇంటర్వ్యూలో వివరించాడు. ఆ జూన్ 25న, 57 ఏళ్లకే పోయాడు.

(సెనెకా చదువు చెప్పింది తర్వాత రోమ్ చక్రవర్తి అయిన నీరోకి. క్రీ.శ. 65లో ఆ శిష్యుడి ఆజ్ఞతోనే ప్రాణం తీసుకున్నాడు. పద్దు ఒకరి తరఫున ఇంకొకరు రాసేది కాదు కాబోలు.)

నేనూ ఒక పాత డైరీ తీశాను. మొదటి వారం పేజీలు చూస్తే నవ్వొస్తుంది: ‘ఓపిక పెంచుకోవాలి’, ‘ఇకమీదట అరవకూడదు’. ఇవి పద్దులా, మొక్కులా? అందుకని ఎవరితో, ఎన్నింటికి, ఏ మాట అన్నానో అంతే రాయడం మొదలుపెట్టాను.

ఒక మంగళవారం పేజీ. ఏడున్నరకి పనమ్మాయి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ‘ఇష్టం లేకపోతే మానెయ్’ అన్నాను. పదింటి మీటింగుకి మా ఆఫీసరుగారు పదకొండున్నరకి వచ్చారు. ‘పర్లేదు సార్’ అన్నాను.

రెండు వరసలూ కిందా మీదా చూసుకుంటూ కూర్చున్నాను. కోపం వస్తే ఒళ్లు తెలీదంటాం. నా కోపానికి మాత్రం ఒళ్లు బాగానే తెలుసు. ఎవరిమీద పడాలో, ఎక్కడ తల వంచాలో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి, నిన్న అలా అనకుండా ఉండాల్సింది అన్నాను. చేతిలో గిన్నె తోముతూనే, ‘నిన్నేంటమ్మా, వారంలో మూడుసార్లు అంటారుగా’ అంది.

డైరీలో అది ఒక్కసారే ఉంది.