నాలుగు సంపుటముల షెల్లీ

ద్వారకలో ఒక మిత్రుని యింట ఇటీవల నాలుగు చిన్న సంపుటములను చూచితిని. అవి ఆంగ్లకవి పర్సీ బిష్ షెల్లీ కవితాసర్వస్వము. ఆయన భార్య మేరీ షెల్లీ పరిష్కరింపగా, ఎడ్వర్డ్ మాక్సన్ లండనులో 1839లో ప్రచురించినవి. అట్టల అంచులు అరిగినవి; పుటలు పసుపువన్నెకు తిరిగినవి. మిత్రుడు వానిని అద్దాల బీరువాలో దాచి, వచ్చిన వారికెల్ల చూపుచుండును. "ఇంతకంటె ప్రామాణికమైన పాఠము మరొకటి యుండునా?" అని ఆయన నన్నడిగెను. షెల్లీని తెనిగింప యత్నించుచున్న నన్ను ఆ ప్రశ్న యింటివరకు వెంటాడినది.

షెల్లీ 1822లో, ముప్పదియేండ్లు నిండకమునుపే, ఇటలీ తీరమున సముద్రమున మునిగి మరణించెను. అచ్చుకాని కవితలు కొట్టివేతలతో నిండిన నోటుపుస్తకములలో మిగిలిపోయినవి. మేరీ వానిని ఓపికతో చదివి, కూర్చి, 1824లో ఒక సంపుటముగా వెలువరించెను. కవి తండ్రి సర్ తిమొతీ ఆగ్రహించి, మనుమనికిచ్చు భరణమును ఆపుదునని బెదరింపగా, అమ్ముడుపోని ప్రతులను వెనుకకు తీసికొనవలసివచ్చెను. తరువాత చాల యేండ్లకు ఆయన సర్వస్వమునకు సమ్మతించెను గాని, జీవితచరిత్ర వ్రాయరాదని నిబంధన పెట్టెను. మేరీ ఆ మాట మీరలేదు. కవితలకు వివరణలు మాత్రము వ్రాసెను. ఏ కృతి ఏ యేట, ఏ తావున, ఎట్టి మనఃస్థితిలో పుట్టినదో అవి తెలుపును. వ్రాయరాదన్న జీవితచరిత్రయే వివరణల రూపమున వెలసినది. ఈ సంపుటముల అసలు విలువ వాని వయస్సులో లేదు, ఈ వివరణలలో నున్నది.

అయినను ఈ ప్రతి సమగ్రము కాదు. 1813 నాటి 'క్వీన్ మాబ్' కావ్యమునుండి మతమును ఖండించు భాగములు ఇందు తొలగింపబడినవి. దైవదూషణ నేరము మీదపడునని, ప్రచురణహక్కు పోవునని మాక్సన్ భయపడెను. 1840 తేదీతో వచ్చిన ఏకసంపుట ప్రతిలో ఆ భాగములు మరల చేరినవి. ఆ భయము వట్టిది కాదు: 1841లో న్యాయస్థానము మాక్సన్‌ను దోషిగ నిర్ణయించెను; శిక్ష మాత్రము పడలేదు. కనుక అద్దాల బీరువాలోని ప్రతినే నమ్ముకొన్న అనువాదకుడు, కవి నోరు మూయబడిన చోట తానును మౌనము వహించును. అట్లు వహించినట్లు తనకే తెలియదు. ప్రాచీనత వేరు, ప్రామాణ్యము వేరు.

ఈ సమస్య మనకు క్రొత్తది కాదు. ఆ 1839లోనే మదరాసున సి.పి. బ్రౌను వేమన పద్యములను రెండవమారు ప్రకటించెను. 1829 నాటి కూర్పులో 693 పద్యములుండగా, ఇందలి సంఖ్య వేయి దాటినది. గురజాడ 'కన్యాశుల్కము' 1897లో ఒకరూపమున, 1909లో ఎంతో పెరిగి మరొకరూపమున అచ్చైనది. ఏ ప్రతి చేతనున్నదో చెప్పక ఆ నాటకమును విమర్శించుట సాహసమే యగును. 2012లో ఆయన రచనలు 'గురుజాడలు' పేర వెలువడినపుడు దానిని 'సర్వలభ్య రచనల' సంకలనమనిరి. 'సమగ్ర' శబ్దముకంటె ఈ మాటలో వినయము, నిజాయితీ యెక్కువ.

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని మనము ఆంధ్ర షెల్లీ యని పిలుచుకొంటిమి. 'కృష్ణపక్షము' వెలువడి నూరేండ్లైనది. ఆయన గతించినది 1980లో. మేరీ తన కవి పోయిన పదునేడేండ్లకు ఆయన కృతులకు కాలము, స్థలము, సందర్భము కూర్చియిచ్చినది. మన షెల్లీకి బిరుదమిచ్చినంత సులభముగా అట్టి సేవ చేయగలిగితిమా? ప్రతి గీతము తొలుత ఏ పత్రికలో వచ్చెను, తరువాత కవి దిద్దినదేమి, వదలినదేమి అను వివరములు పుట అడుగున నుండవలెను. అవి లేనిచో సంపుటముల సంఖ్య పెరుగును గాని పాఠకునికి కవి చేరువ కాడు.

ఇందుకు విద్వత్తుకంటె ముందు సామగ్రి కావలెను. తొలి ముద్రణలు, పాత పత్రికల సంచికలు, కవుల లేఖలు ఇంకను మన యిండ్లలో, ఆంధ్రదేశమునకు దూరముగ ద్వారకవంటి చోట్లను, ఉన్నవి. వానిని కాపాడినవారు ధన్యులు. బీరువా తెరచి, పరిష్కర్త చేతికి ఒకమారు ఇచ్చినచో ఆ కాపుదలకు ఫలము చేకూరును. మిత్రుడు నాకు నాలుగు సంపుటములను నెలదినములకు ఎరువిచ్చెను. 1840 నాటి పాఠమును ప్రక్కనుంచుకొని నేనిపుడు మొదటినుండి చదువుచున్నాను.